బొమ్మలో నిలబడి చూసే మనిషి

ఆమె పోయిందని మేస్త్రి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను క్లాసులో ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను.

ఇందులో వింతేమీ లేదు. నా దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్లందరికీ ఇది అలవాటే. ఎవరైనా మనిషి బొమ్మ వేసి తెచ్చి చూపిస్తే నేను పొగడను, తిట్టను. లేచి, ఆ బొమ్మలో మనిషి ఎలా ఉంటే అలా నిలబడతాను. తల అంతే వంచి, నడుము అంతే తిప్పి, ఏ కాలు ముందుంటే ఆ కాలు ముందుకు పెట్టి. నేను నిలబడగలిగితే బొమ్మ బాగున్నట్టు. తూలితే బొమ్మలోనే లోపం ఉన్నట్టు. కొత్తగా చేరినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నేనూ మొదటిసారి చూసినప్పుడు నవ్వాను, దానికి తగిన శాస్తి అక్కడికక్కడే జరిగింది.

ఆ రోజు ఒక అమ్మాయి వేసిన నాట్యం బొమ్మలో నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. "పాపా, మన అక్క పోయింది. మురుంగపాక్కంలోనే. నాలుగ్గంటలకి ఎత్తేస్తారు" అన్నాడు మేస్త్రి. సరేనన్నాను. కాలు నేల మీద పెట్టాను. క్లాసు గోడ మీద, పెద్ద కాగితం మీద బొగ్గుతో గీసిన ఆమె ఉంది. నెత్తిన తట్ట, ఏటవాలు పలక మీద ఒక కాలు.

వెళ్లి చూసి వచ్చాను. ఆమెను పడుకుని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. ఏడ్చాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కసీటావిడ అనుమానంగా చూసి కొంచెం జరిగింది. ఏం చెయ్యను, ఆమెను తలుచుకుంటే నాకు ముందు వచ్చేది నవ్వే.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాయకూడదని ఆమే చెప్పింది. ఒకసారి బొమ్మ కింద పేరు రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "పేరు యాలు? నన్ను తెలిసినోళ్లకి చూస్తానే తెలుస్తాది. తెలీనోళ్లకి పేరుతో పనేంది?" అంది. ఆ మాట ఇప్పటికీ కాదనలేను.

రెండువేల నాలుగో, అయిదో. నాకు పంతొమ్మిదేళ్లు. మాది మూలకుళం, చుట్టూ తమిళం మాట్లాడే ఊరు. నాన్న కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని తెలుగు చదవడం ఎవరికీ రాదు. బడిలో చదివింది తమిళం, ఇంగ్లీషు. ఈ అక్షరాలు నేను పెళ్లయ్యాక, ముప్పై దాటాక కూర్చుని దిద్దుకున్నవి. అందుకే ఇప్పటికీ రాస్తుంటే బొమ్మ గీస్తున్నట్టే ఉంటుంది.

అప్పుడు నాకున్న పిచ్చి ఒక్కటే. మా నాన్న 'బొమ్మల కాలేజీ' అనే చోట సీటు తెచ్చుకోవడం. మొదటి ఏడాది ప్రవేశపరీక్షలో ఒక ముసలాయనకు కర్ర ఇచ్చి ఎదురుగా నిలబెట్టారు. రెండు గంటల సమయం. నేను ఆయన చొక్కా గుండీలు వేశాను. గుండీకి నాలుగు కన్నాలు వేశాను. పంచె అంచు వేశాను, మడతలకు నీడలు వేశాను. తుడిచి తుడిచి రబ్బరు సగం అరగదీశాను. కళ్లద్దాల మాస్టారొకాయన నా వెనక ఆగాడు. చాలాసేపు చూశాడు. నేను లోపల పొంగిపోతున్నాను. "నవరాత్రి వస్తోంది కదమ్మా. బొమ్మల కొలువులో మూడో మెట్టు మీద పెట్టుకో" అని తమిళంలో మెల్లగా అని వెళ్లిపోయాడు.

సీటు రాలేదు. రాదని ఆ మాటతోనే తెలిసింది. నా బొమ్మలో చొక్కా ఉంది, పంచె ఉంది, ముసలాయన లేడు. ఆయన బరువు లేదు. ఒట్టి కొలువు బొమ్మ.

నాన్న కోప్పడలేదు. భోజనం చేస్తూ చెప్పాడు. "ఇంకొక్క ఏడు చూడు. మళ్లీ రాలేదంటే చిన్నాయన జిరాక్సు అంగట్లో కూర్చో. ఆడ మిషనే దించుతాది బొమ్మలు, నీకూ కష్టం లేదు." ఆయన మనసులో ఎగతాళి లేదు. నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకున్నాడు.

కదిలే మనుషులను చూసి వెయ్యాలి, నిమిషంలో, అరనిమిషంలో ఆ కదలికను పట్టుకోవాలి, అదీ అసలు సాధన అని ఒక పుస్తకంలో చదివాను. జెస్చర్ డ్రాయింగ్ అంటారు. మా పక్క స్థలంలో అప్పుడే మేడ లేస్తోంది. ఇటుకలు, సిమెంటు మోసే ఆడవాళ్లు నలుగురు పొద్దున ఎనిమిది నుంచి ఏటవాలు పలక మీద ఎక్కుతూ దిగుతూ ఉంటారు. కదిలే మనుషులు ఇంతకంటే ఎక్కడ దొరుకుతారు అనుకుని మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నాను.

మూడో రోజు పట్టుబడ్డాను. ఆ నలుగురిలో పెద్దావిడ పలక కింద నిలబడి, నడుము మీద చెయ్యి పెట్టి, నా వంక చూస్తోంది. చీర మీద మగవాళ్ల నీలం ఫుల్‌హ్యాండు చొక్కా, నెత్తిన చుట్టగా చుట్టిన తువ్వాలు. తమిళంలో గట్టిగా అడిగింది. నిన్ను ఎవరు పెట్టారక్కడ, మేం ఎన్నిసార్లు కూర్చున్నామో రాసేదానికా, అని. ఆ మేడ యజమాని కదిర్కామంలో ఉంటాడు. "నేను లేనప్పుడు మిమ్మల్ని కనిపెట్టి చూసేదానికి ఒక మనిషిని పెడతాను" అని ముందురోజే బెదిరించి పోయాడట. నాకేం తెలుసు. నోట్‌బుక్కు, పెన్సిలు, కిందికి చూపు. వాళ్లకు నేను యజమాని మనిషిలా కనబడ్డాను. పనివాళ్లంతా చేతిలో పని ఆపేసి నన్నే చూస్తున్నారు.

అంతలో కింద నుంచి మా అమ్మ కేకేసింది. "ఎవురితోనే మాటలు? బట్టలు ఆరేసినావా లేదా?"

ఆమె ముఖం మారిపోయింది. "ఓ, మనోళ్లేనా" అని తెలుగులో అని, చెప్పులు కింద విడిచి, బయటి మెట్లెక్కి నేరుగా మిద్దె మీదికి వచ్చేసింది. నోట్‌బుక్కు నా చేతిలోంచి తీసుకుంది. అక్షరాల కోసం పేజీలు తిప్పింది. అక్షరాలు లేవు.

"ఇది ఎవురు?"

"నువ్వే అత్తా."

"నేనా?" అని బొమ్మను ఎండలోకి తిప్పి చూసింది. తర్వాత ఆమె చేసిన పని నేను కలలో కూడా ఊహించలేదు. నోట్‌బుక్కును పిట్టగోడ మీద నిలబెట్టి, బొమ్మలో ఉన్నట్టే కుడిచెయ్యి పైకెత్తి, బొమ్మలో ఉన్నట్టే నడుము పక్కకు నెట్టి, బొమ్మలో ఉన్నట్టే కాలు ముందుకు పెట్టింది. పెట్టి, తూలిపోయి ట్యాంకుకు కొట్టుకుంది. నేను పకపకా నవ్వేశాను.

"నవ్వుతావా? సరి. దా, నువ్వు నిల్చు."

నిలబడ్డాను. పడ్డాను. మోచెయ్యి చెక్కుకుపోయింది.

"చూసినావా. ఇట్ల నిల్చుంటే ఇటుకలు మేస్త్రి నెత్తిన, మేస్త్రి ఆస్పత్రిలో" అని కూర్చుంది. మళ్లీ బొమ్మను చేతిలోకి తీసుకుని జాలిగా చూసింది. "పాపం, ఈ యమ్మని యాలు ఇట్ల కష్టపెడతావుండావు?"

అదీ ఆమె పద్ధతి. బొమ్మలో ఉన్నది తనే అని తెలుసు. అయినా ఆ గీతల మనిషిని వేరే మనిషిగానే చూసేది. "ఈ యమ్మకి నడుము నొస్తాది." "ఈ యమ్మ ఊపిరి తీసుకోలా." "ఈ యమ్మ ఎడమ కాలికి పని చెప్పినావు, కుడికాలు సుమ్మా ఊరికే ఉండాది, ఎట్ల నడస్తాది?" నేను గీసిన మనుషుల గురించి అంతవరకు ఎవరూ అంత బెంగ పెట్టుకోలేదు. నేనే పెట్టుకోలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక మా మిద్దె ఎక్కేది. మొదటి రోజు టీ ఏ గ్లాసులో ఇవ్వాలా అని మా అమ్మ వంటింట్లో కొంచెంసేపు ఆగింది. నేను చూశాను. ఆమె కూడా చూసింది. మరుసటి రోజు నుంచి తన గ్లాసు తనే తెచ్చుకునేది. "నా గ్లాసు నాకుండాది, అక్కా, నువ్వు పొయ్యి" అనేది మామూలుగా. వారం తిరిగేసరికి మా అమ్మకే సిగ్గేసి, పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన పెద్ద గ్లాసు తీసి అందులో ఇచ్చింది. ఆమె తాగి, గ్లాసును తిప్పి చూసి, "బరువు బాగుండాది" అంది.

పొద్దుటి నుంచి వేసినవన్నీ ఆమె ముందు పెట్టేదాన్ని. ఒక్కొక్క బొమ్మ చూడటం, అందులో నిలబడటం, పడటం, చెప్పడం. అన్నిట్లోనూ పడేది. ఒక్కోసారి అటు, ఒక్కోసారి ఇటు. నవ్వితే చప్పుడు ఉండేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. పలక ఎక్కేముందు మడమతో రెండుసార్లు దాన్ని తట్టేది. ఎందుకంటే, "వస్తావుండా అని చెప్పాల గదా" అంది. మిద్దె మీద బొమ్మలో నిలబడేముందు కూడా మడమతో నేలను రెండుసార్లు తట్టేది. అలవాటు.

నా రబ్బరు మీద ఆమెకు మొదటి నుంచీ కోపం. నేను గీస్తూ తుడుస్తూ గీస్తూ తుడుస్తూ ఉంటే చూసి చూసి ఒకరోజు లాగేసుకుంది. "పలక మీద నేను ఒక అడుగు ఏసినా. తుడిపేదానికి అయితాదా? ఏసింది ఏసిందే. సరిగా ఏయాల, అంతే" అని, దాన్ని నడుం దగ్గర దోపుకున్న వక్కాకు సంచిలో పడేసింది. అక్కడ వాళ్ల పని అయిపోయేదాకా ఆ సంచిలోంచి అది బయటికి రాలేదు.

ఇంకో నియమం కూడా పెట్టింది. "నేను కింద మొదలుపెట్టి పైకి చేరేలోపల రాసెయ్యాల. పైకి పొయ్యినాక నేను వేరే మనిషి." బొమ్మ వెయ్యడాన్ని ఆమె రాయడమనే అనేది. పలక ఎక్కడానికి ఆమెకు పట్టేది చాలా కొద్దిసేపు. మొదట్లో నాకు తల, భుజం అయ్యేసరికి ఆమె తట్ట దించేసేది. పై నుంచి నా వంక చూసి చెయ్యి తిప్పేది, ఏమైంది అన్నట్టు. ఏమీ కాలేదని నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

మేస్త్రికి కూడా ఇది ఆటగా తయారైంది. ముప్పయ్యేళ్లవాడు, ఆమె కంటే చిన్నవాడు, ఆమెకు భయపడేవాడు. గోడ నిలువు చూసే గుండు, దారం తీసుకుని ఒకరోజు మిద్దె మీదికి వచ్చాడు. ఆమే రమ్మంది. బొమ్మ ముందు ఆ దారం వదిలి చూడమంది. గొంతు గుంటలోంచి దారం దిగి, బరువు మోస్తున్న కాలి మడమ దగ్గర ఆగాలట. నా బొమ్మలో అది రెండు కాళ్లకూ దూరంగా గాల్లోకి పోయింది. "ఈ గోడ కూలిపోతాది పాపా" అన్నాడు మేస్త్రి చాలా మర్యాదగా. ఆమె భుజాలు ఊగాయి.

పరీక్షకు మూడు వారాలుందనగా నాకు తిక్క రేగింది. అప్పటికి నోట్‌బుక్కులు ఆరు నిండాయి. ఒక్క బొమ్మలో కూడా ఆమె నిలబడలేదు. చిన్నాయన అప్పటికే నాన్నతో జిరాక్సు అంగడి తాళాల గురించి మాట్లాడుతున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె ఏడో బొమ్మలో పడి, ఎనిమిదోది తియ్యి అంటే, నేను నోట్‌బుక్కు విసిరికొట్టాను. "నీకేం తెలుసు బొమ్మల గురించి? పుస్తకంలో ఉన్నట్టే వేశాను" అని అరిచేశాను. మా అమ్మ కింద నుంచి పైకి వచ్చేసింది.

ఆమె నొచ్చుకోలేదు. అదే నాకు ఇంకా మంట. "ఆమా, నిజమే, బొమ్మలు నాకు తెలీదు. నిల్చేది తెలుసు" అంది. నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి గరుకుదనం ఇప్పటికీ గుర్తే. మెట్లు దింపి, గోడ పక్కగా పనిచోటికి తీసుకుపోయింది. తన తువ్వాలు విప్పి, మళ్లీ చుట్టగా చుట్టి నా నెత్తిన పెట్టింది. తట్టలో ఇటుకలు నాలుగు పెట్టి ఎత్తింది. తను మోసేది పన్నెండు.

"ఆ చిన్న పలక చివర వరకు పో. మోకాళ్లెత్తే గదా, పడినా చావవు. మడమతో తట్టు."

తట్టాను. అడుగేశాను. ఏడుపొచ్చింది. మెడ లోపలికి దిగిపోయినట్టుంది. కాళ్ల వంక చూద్దామంటే తల వంగదు. వంచితే ఇటుకలు పోతాయి. "కిందికి చూడొద్దు. కాలికి తెలుసు. దూరంగా చూడు" అంటోంది వెనక నుంచి. ఖాళీ చెయ్యి దానంతట అదే పక్కకు లేచింది. నడుము నేను చెప్పకుండానే బరువు కిందికి వచ్చి నిలబడింది. అడుగు పాదంలోంచి పడటం లేదు, బొడ్డు కిందెక్కడి నుంచో పడుతోంది. మేస్త్రి తాపీ పక్కన పెట్టి నా వైపే చూస్తున్నాడు, నేను పడితే పట్టుకుందామని. పలక చివరికి వచ్చాక ఆమె తట్ట దించింది. అప్పుడు తెలిసింది. ఆరు నోట్‌బుక్కుల్లోనూ నేను గీసిన ఆడవాళ్లందరూ కిందికి చూస్తున్నారు. బరువు మోసే మనిషి కిందికి చూడదు. ఇంత చిన్న విషయం కళ్లెదురుగా రోజూ ఉన్నా నాకు కనబడలేదు.

పరుగెత్తి మిద్దెక్కి, ఆమె మళ్లీ పలక ఎక్కుతుంటే గీశాను. ఏడెనిమిది గీతలు. ముఖం లేదు, చీర లేదు, గుండీలు అసలే లేవు. సాయంత్రం పని అయ్యాక వచ్చి చూసింది. మడమతో తట్టింది. అందులో నిలబడింది. నిలబడింది, నిలబడింది, అప్పుడు మెల్లగా ఒరిగి పిట్టగోడ పట్టుకుంది.

"ఒక కాలు నిలిచింది. రెండోది ఇంకా గాల్లో ఉండాది" అంది.

ఆ ఒక్క కాలికే నేను ఇల్లంతా గంతులేశాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, ఏమైంది దీనికి అని అమ్మను అడిగాడు. "కాలు వచ్చిందంట" అంది అమ్మ. ఆయనకేమీ అర్థం కాలేదు గాని సంతోషంగా ఉంది కదా అని ఊరుకున్నాడు.

మేడ కప్పుకు కాంక్రీటు పోసిన రోజు నా చదువుకు పండగ. కాంక్రీటు కలిపే మిషను ఆగకుండా తిరుగుతుంది, తట్టలు చేతి నుంచి చేతికి మెరుపులా పోతాయి, మొదలుపెట్టాక ఎవరూ ఆగకూడదు. వాళ్లూ ఆగలేదు, నేనూ ఆగలేదు. పన్నెండు మంది ఆడవాళ్లు, వంగేవాళ్లు, అందుకునేవాళ్లు, ఇచ్చేసి నడుము పట్టుకునేవాళ్లు. ఆలోచించే సమయం లేదు, చెయ్యి తనే పోతోంది. పై నుంచి ఆమె నా వైపు చూడకుండానే అడిగింది. "పాపా, రాస్తావుండావా?"

"ఆ, అత్తా."

"మాట్లాడొద్దు. రాయి."

కప్పు పడ్డాక వాళ్ల పని అక్కడ అయిపోయింది. వెళ్లేముందు మిద్దె మీదికి వచ్చింది. వక్కాకు సంచిలోంచి నా రబ్బరు తీసింది. గోధుమరంగుకు తిరిగి, ఆకు వాసన కొడుతోంది. "ఇదో. పరీచ్చకి కావాలంటే తీస్కో" అంది. నేను ఆ రబ్బరు వంక చూశాను. వద్దన్నాను. నా జీవితంలో ఎవరూ చెప్పకుండా నేను తీసుకున్న మొదటి నిర్ణయం అదేననుకుంటాను. ఆమె దాన్ని మళ్లీ సంచిలో వేసుకుంది. మెట్ల దాకా వెళ్లి ఆగింది.

"ఒక్క బొమ్మ కూడా ఇంకా పూరా నిల్చలా. నిల్చిన రోజు పిలువు. యాడ ఉన్నా వస్తా."

పరీక్ష హాల్లో ఈసారి భుజాన వల వేసుకున్న జాలరిని నిలబెట్టారు. ముందు చిన్నచిన్న భంగిమలు, అవి నాకు నీళ్లు తాగినంత తేలిక. పలక ఎక్కేవాళ్లను పట్టుకున్న చెయ్యికి నిలబడి ఉన్నవాళ్లు ఒక లెక్కా. తర్వాత పెద్ద బొమ్మ. గంటన్నర. గంట గడిచేసరికి బొమ్మ అందంగానే వచ్చింది. వల కన్నాలు కూడా వచ్చాయి. అదే నాకు అనుమానం కలిగించింది.

చుట్టూ చూశాను. అందరూ వంగి గీసుకుంటున్నారు. లేచాను. మడమతో రెండుసార్లు నేల తట్టి, నా బొమ్మలో జాలరి ఎలా ఉన్నాడో అలా నిలబడ్డాను. నిలబడిన మరుక్షణం పక్క బల్ల మీదికి తూలాను. బల్లవాడి రంగునీళ్లు ఒలికాయి. హాలంతా ఘొల్లుమంది. కాపలా మేడమ్ వచ్చి, ఏమ్మా ఒంట్లో బాగాలేదా అంది. బాగానే ఉంది మేడమ్, బొమ్మకే బాగాలేదు అన్నాను. పక్కవాడు పాపం మంచివాడు, ఒలికిన నీళ్లు మర్చిపోయి, తుడుచుకో అని తన రబ్బరు ఇవ్వబోయాడు. వద్దన్నాను. కాగితం వెనక్కి తిప్పాను. అరగంట ఉంది. ఎదురుగా ఉన్న జాలరిని చూశాను. వల తడిది, బరువు కుడి భుజానిది, నిలిచింది ఎడమకాలు, ఆయన చూస్తున్నది దూరంగా. ఆయన ఇప్పుడే పలక ఎక్కేసి పోతాడు అనుకుని గీశాను. ఇంకా సమయం ఉండగానే పెన్సిలు కింద పెట్టేశాను.

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగాను. కళ్లద్దాల మాస్టారు. కాగితాన్ని ఒకసారి తిప్పి ముందువైపు చూశాడు, మళ్లీ వెనక్కి తిప్పి పెట్టి వెళ్లిపోయాడు.

సీటు వచ్చింది. పట్టికలో చివరి నుంచి రెండో పేరు నాది. చివరి నుంచైతేనేం. నాన్న సైకిలు మీద ఇంటికి వచ్చేదారిలోనే చిన్నాయన అంగడి దగ్గర ఆగి, "వేరే మనిషిని చూసుకో" అని గట్టిగా చెప్పి వచ్చాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వం నాకు ఆ సీటు కంటే తియ్యగా అనిపించింది.

ఆమెకు కబురు పంపలేదు. సీటు వస్తే పిలవమనలేదు గదా ఆమె, బొమ్మ నిలబడితే పిలవమంది.

మొదటి ఏడు చివర కాలేజీలో బొమ్మల ప్రదర్శన. నేను ఆమెనే వేశాను. మనిషంత ఎత్తు, కాగితాలు అతికించి, బొగ్గుతో. తట్ట, పలక, ఆ నీలం చొక్కా. వేసినన్నాళ్లూ తెల్లారి లేచి నిలబడటం, పడటం, చింపెయ్యడం, ఇదే పని. చివరికి ఒకరోజు నిలబడ్డాను. కానీ నేను నిలబడితే చాలదు. మేస్త్రిని పట్టుకుని ఆమె ఎక్కడుందో కనుక్కుంటే కదిర్కామంలో పని అన్నాడు. వెళ్లి పిలిచాను. "నిల్చిందా?" అంది. తెలీదు, నువ్వే చెప్పాలి అన్నాను. "సరి. పని ముగించుకోని వస్తా."

అలాగే వచ్చింది. చొక్కాతో, కాళ్ల మీద ఎండిన సిమెంటుతో. హాలు గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "ఆ బొమ్మ ఈమెదే" అన్నాను. ఆయన ఆమె చొక్కా వంక చూశాడు, లోపలి బొమ్మ వంక చూశాడు, తప్పుకున్నాడు.

హాలు నిండా మంచి బట్టలు కట్టుకున్న జనం. ఆమె ఎవరినీ చూడలేదు. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. తువ్వాలు తీసి చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. చుట్టూ వెతికింది. "బరువు లేకుండా ఎట్ల నిల్చేది?" అని, గోడకు కొక్కేనికి తగిలించిన ఎర్ర బకెట్టు, నిప్పంటుకుంటే చల్లడానికి ఇసుక పోసి ఉంచుతారే అది, తీసి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. జనం వెనక్కి జరిగారు. నున్నటి నేలను మడమతో రెండుసార్లు తట్టింది.

నిలబడింది.

బొమ్మలో చెయ్యి ఎలా ఉందో అలా. నడుము అలా. చూపు అలా, జనం తలల మీదుగా దూరంగా. నేను లోపల ఒకటి, రెండు అని అంకెలు పెట్టుకున్నాను. ఎక్కడో లెక్క తప్పింది. ఆమె కదల్లేదు. హాల్లో మాటలు ఆగిపోయాయి. కళ్లద్దాల మాస్టారు సంచిలోంచి నోట్‌బుక్కు తీసి గబగబా గీయడం మొదలుపెట్టాడు. ఆయన్ను చూసి విద్యార్థులు తీశారు. ఇరవై మంది గీస్తున్నారు. నేను మాత్రం గీయలేదు. నాకు కళ్లు కనబడటం లేదు.

చాలాసేపటికి బకెట్టు దించింది. భుజాలు విదిలించుకుని, గీసినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చూసింది. ఒక్కో బొమ్మలో నిలబడింది. పడింది. "ఈ యమ్మ పడతాది." "ఈ యమ్మకి కాలు లే." మాస్టారు తన నోట్‌బుక్కును బడిపిల్లవాడిలా చాపాడు. దాంట్లోనూ నిలబడి, ఎడమకు ఒరిగి, ఆయన భుజమే పట్టుకుని ఆగింది. "ఇదీ పడతాది సార్" అంది. ఆయన గట్టిగా నవ్వేశాడు. ఆయన నవ్వడం మేమెవరం అంతవరకు చూడలేదు.

"మరి ఆ అమ్మాయి వేసిందో?" అని నా బొమ్మ చూపించాడు.

"అదా? దాంట్లో నేను నిల్చినా గదా సార్. ఇంతమంది చూసినారు గదా" అంది, ఇందులో అడిగేదేముంది అన్నట్టు.

ఏడాదిన్నర నేను ఎదురుచూసిన మాట అలా వచ్చింది, నాతో కాకుండా మాస్టారితో. ఆమె నా చెంప మీద ఒకసారి తట్టింది. చెంప మీద సిమెంటు పొడి అంటుకుంది, తుడుచుకోలేదు.

టీ తాగి పొమ్మంటే, రేపు ఎనిమిదికి పని ఉండాది అంది. ఎర్ర బకెట్టును దాని కొక్కేనికి మళ్లీ తగిలించి, కింద ఒలికిన ఇసుకను కాలితోనే ఒక పక్కకు చేర్చింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. నాకు చెప్పి పోతుందనుకున్నాను. ఆమె చూస్తున్నది నన్ను కాదు, గోడ మీద ఉన్న ఆవిడను.

"పొయ్యొస్తా యమ్మా" అంది. "నువ్వు నిల్చుకో."